వ్యాసానికి మార్కులు వేస్తున్నాం, వెతకడానికి ఎప్పుడు వేస్తాం?

ఉప్పు చరిత్ర మీద వ్యాసం రాసుకొచ్చిన ఒక విద్యార్థిని మూడో పేజీలో ఇలా రాసింది: "రోమన్ సైనికులకు జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవారు. శాలరీ అనే మాట పుట్టింది అలాగే." ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, "ఈ సంగతి నీకెలా తెలిసింది?" అని అడిగాను. తడుముకోకుండా రెండు వెబ్‌సైట్ల పేర్లు చెప్పింది. "మరి ఆ రాసినవాళ్ళకెలా తెలిసింది?" అన్నాను. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. లేకపోవడం ఆమె తప్పూ కాదు. బడిలో చేరిన నాటి నుంచి కాలేజీ దాకా ఆమె చేత ఎన్నో ప్రాజెక్టులు రాయించారు, ఎన్నో అసైన్‌మెంట్లు దిద్దారు, కానీ ఆ రెండో ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

మిగతా పేజీలన్నీ పక్కన పెట్టి, ఆ ఒక్క వాక్యం నిజమో కాదో లైబ్రరీలో తేల్చుకుని రమ్మన్నాను. ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో జరిగినదాన్ని కొంచెం వివరంగానే చెప్పాలి, నేనిక్కడ వాదించదలచుకున్నదంతా అందులోనే ఉంది గనుక.

మొదటి రోజు రిఫరెన్సు విభాగంలో విజ్ఞానసర్వస్వం తీసి ఉప్పు మీద ఉన్న వ్యాసం చదివింది. అందులో తనకు కావలసిన ఆధారం దొరకలేదు గానీ, వ్యాసం చివర ఇంకా చదవదగిన పుస్తకాల జాబితా ఒకటి ఉంటే దాన్ని రాసుకుంది. రెండో రోజు ఆ జాబితాలో రెండు పుస్తకాలు కేటలాగులో కనిపించాయి. మొదటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవబోతుంటే ఆపి, వెనక ఉన్న పదసూచిక తిప్పి రోము, సైనికులు, జీతం అన్న మాటల కోసం చూడమన్నాను. పుస్తకాన్ని వెనక నుంచి కూడా తెరవవచ్చునని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పేజీ దొరికింది. వాక్యం కూడా ఇంచుమించు ఆమె రాసినట్టే ఉంది. కానీ దాని పక్కన అంకె లేదు, పేజీ అడుగున పాదసూచిక లేదు. రెండో పుస్తకంలో అదే విషయం చెప్పిన చోట ఒక చిన్న అంకె ఉంది. ఆ అంకెను పట్టుకుని పుస్తకం చివరికి వెళితే అక్కడ ప్లీనీ అనే ప్రాచీన రోమన్ రచయిత పేరు, ఆయన రాసిన ప్రకృతి చరిత్ర పేరు, అందులో 31వ భాగం అన్న వివరం ఉన్నాయి.

మూడో రోజు కేటలాగులో ప్లీనీ అని కొట్టి, కనిపించిన మొదటి పుస్తకం తెచ్చుకుని గంటసేపు తిరగేసింది. అందులో ఉప్పు ఊసే లేదు. ఆమె తెచ్చుకున్నది లేఖల సంపుటం. అప్పుడు లైబ్రేరియన్ గారు రెండు రికార్డులు పక్కపక్కన తెరిచి చూపించారు. ఒకే పేరుతో ఇద్దరు రచయితలున్నారు. లేఖలు రాసినవాడు మేనల్లుడు. ప్రకృతి చరిత్ర రాసినవాడు మేనమామ, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయినవాడు. ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసిపోకుండా కేటలాగు ఒక్కొక్క రచయిత పేరును ఒక్క రూపంలో స్థిరపరిచి, అవసరమైతే పెద్ద, చిన్న అన్న విశేషణాలో, జనన మరణ సంవత్సరాలో చేరుస్తుంది. పుస్తకం తెరవకముందే చేసిన ఆ కనిపించని పని ఆ రోజు ఆ అమ్మాయికి కనిపించింది.

నాలుగో రోజు సరైన పుస్తకం దొరికింది. ఎడమ పేజీలో లాటిన్ మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు అనువాదం. 37 భాగాల ఆ మహాగ్రంథంలో 31వ భాగం తీసి, ఉప్పు గురించి రాసిన చోటు వేలు పెట్టి చదివింది. గౌరవాల్లోనూ సైనిక సేవలోనూ కూడా ఉప్పుకు చోటుందనీ, 'సలారియం' అన్న మాట దాని నుంచే వచ్చిందనీ అక్కడ ప్లీనీ అంటాడు. ఆ ముక్క అంతటితో అయిపోతుంది. ఆమె రెండుసార్లు చదివింది. వెనక పేజీ, ముందు పేజీ కూడా చూసింది. తరవాత తలెత్తి, "మేడమ్, జీతంగా ఉప్పు ఇచ్చారని ఇందులో లేదండీ" అంది.

ఆమె తిరిగి రాసిన వాక్యం ఇది: "శాలరీకి మూలమైన లాటిన్ మాట ఉప్పు నుంచి వచ్చిందని క్రీస్తుశకం ఒకటో శతాబ్దిలో ప్లీనీ రాశాడు; సైనికులకు జీతం ఉప్పు రూపంలోనే ఇచ్చారనడానికి నేను చూసిన గ్రంథాల్లో ఆధారం దొరకలేదు." మొదటి వాక్యం కంటే ఇది పొడుగైనది, చదవడానికి అంత ఇంపుగా కూడా ఉండదు. కానీ ఇందులో ప్రతి మాటకూ ఆమె జవాబు చెప్పగలదు. 'నేను చూసిన గ్రంథాల్లో' అన్న చిన్న ముక్క ఎవరూ చెప్పకుండానే వేసుకుంది. పరిశోధన అంటే ఏమిటో తెలిసినవాళ్ళు మాత్రమే వేసుకునే ముక్క అది.

నా వాదన ఇది. మనం విద్యార్థుల దగ్గర వ్యాసం పుచ్చుకుని వ్యాసానికి మార్కులు వేస్తున్నాం. విషయం ఇచ్చిన రోజుకూ వ్యాసం చేతికందిన రోజుకూ మధ్య జరిగిన వెతుకులాటను చూడం, దిద్దం, లెక్కలోకి తీసుకోం. మార్కులు లేనిదాన్ని విద్యార్థి నేర్చుకోడు. నేర్పవలసిన అవసరం మనకూ తోచదు. అందువల్ల లైబ్రరీలో ఒక విషయాన్ని వెతికి తేల్చుకోవడం అనే విద్య ఏ పాఠంలోనూ చేరక, ఏ పరీక్షలోనూ రాక, పిల్లల అదృష్టానికి వదిలేసినట్టు మిగిలిపోతోంది. వెతికిన దారిని కూడా రాయించి, దానికి కనీసం సగం మార్కులు కేటాయించాలని నేను కోరుతున్నాను.

లైబ్రరీ పరిచయం పేరుతో సంవత్సరం మొదట్లో ఒక గంట జరుగుతూనే ఉంటుంది కదా అని అడగవచ్చు. ఆ గంటలో ఏ అంతస్తులో ఏముందో, ఎన్ని పుస్తకాలు ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చో, లాగిన్ ఎలా చేయాలో చెబుతారు. అవసరమే. కానీ ఆ గంట జరిగేనాటికి విద్యార్థి మనసులో వెతకవలసిన ప్రశ్న ఒక్కటీ ఉండదు. దాహం వేయనివాళ్ళకు బావి చూపిస్తే దారి గుర్తుండదు. ఆ గంటను అసైన్‌మెంటు ఇచ్చిన తరవాతి వారానికి జరిపితే చాలు, అదే గంట పది రెట్లు పనిచేస్తుంది.

ముందుగా నేర్పవలసింది ప్రశ్న వేయడం. 'ఉప్పు' అనేది ప్రశ్న కాదు. 'ఉప్పు చరిత్ర' కూడా కాదు. రాబర్ట్ టేలర్ అనే అమెరికన్ గ్రంథాలయ శాస్త్రవేత్త 1968లో రాసిన ఒక వ్యాసంలో, మనిషికి సమాచారం కావాలనిపించడం నాలుగు దశల్లో ఉంటుందని వివరించాడు. మొదట ఇంకా మాటల్లోకి రాని వెలితి. తరవాత మనసులో రూపు కడుతున్న తికమక. ఆ తరవాత స్పష్టంగా చెప్పగల ప్రశ్న. చివరగా, ఈ లైబ్రరీ ఏమివ్వగలదో ఊహించుకుని దానికి తగ్గట్టు కుదించుకున్న ప్రశ్న. బల్ల దగ్గరికొచ్చి విద్యార్థి అడిగేది ఎప్పుడూ ఈ నాలుగోదే. "ఉప్పు మీద పుస్తకాలెక్కడండీ?" అంటాడు. మంచి లైబ్రేరియన్ వెంటనే వేలు చూపించరు. "ఉప్పు గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని తిరిగి అడుగుతారు. ఆ సంభాషణే పాఠం. ఉపాధ్యాయుల్లో చాలామందికి అటువంటి పాఠం అక్కడ రోజూ జరుగుతోందన్న సంగతే తెలియదు.

ఆ తిరుగు ప్రశ్న ఎందుకు తప్పదో అరల ముందు నిలబడితే అర్థమవుతుంది. మెల్విల్ డ్యూయీ 1876లో 44 పేజీల చిన్న పుస్తకంగా ప్రచురించిన దశాంశ వర్గీకరణ, అంటే ప్రతి విషయానికీ ఒక అంకె ఇచ్చి పుస్తకాలను అరల్లో సర్దే పద్ధతి, వాటిని వస్తువును బట్టి కాకుండా శాస్త్రాన్ని బట్టి విడదీస్తుంది. అందువల్ల ఉప్పు ఒక్కచోట ఉండదు. రసాయనంగా ఉప్పు 546లో, గనుల్లో దొరికే ఖనిజంగా 553లో, ఒంటికి చేసే మేలూ కీడూ 613లో, ఆహార పరిశ్రమలో దాని వాడకం 664లో, ప్రభుత్వాలు దాని మీద వేసిన పన్ను 336లో ఉంటాయి. 'ఉప్పు' అని మాత్రమే అనుకుంటూ వచ్చిన విద్యార్థి ఈ అయిదు చోట్లలో ఎటు నడవాలో ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న ఆ క్షణంలోనే అతడి ప్రశ్నకు రూపం వస్తుంది. వెతుకుడు పెట్టెలో ఒక మాట కొట్టి లక్షల ఫలితాలు తెచ్చుకున్నప్పుడు ఈ ఎంపిక జరగదు. అయిదు రకాల ఉప్పూ కలగాపులగంగా ఒకే తెర మీదికి వచ్చి పడుతుంది. అంకెలు కంఠస్థం చేయించమని కాదు నేననేది. ఒక విషయాన్ని పట్టుకుని అయిదు అరల దగ్గరికి నడిపించి, ప్రతి చోటా ఒక్క పుస్తకం తీసి విషయసూచిక చదివించండి. నేను చేయించిన పనులన్నిటిలో విద్యార్థుల ముఖాల్లో ఇంత త్వరగా మార్పు తెచ్చినది మరొకటి లేదు.

ఈ ప్రశ్నకు పదును పెట్టే పనిలో నాకు బాగా ఉపయోగపడిన పరికరం రంగనాథన్ గారిది. గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు చెప్పిన ఎస్. ఆర్. రంగనాథన్, 1933లో ద్విబిందు వర్గీకరణ (కోలన్ క్లాసిఫికేషన్) అనే పుస్తక వర్గీకరణ పద్ధతిని ప్రచురించారు. ఏ విషయాన్నయినా ముఖాలుగా విడదీసి చూడవచ్చునన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఆయన తరవాతి కాలంలో స్థిరపరిచిన అయిదు మౌలిక వర్గాలు వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, ప్రదేశం, కాలం. గ్రంథాలయ శాస్త్రం చదివేవాళ్ళకు ఇదొక కఠినమైన అధ్యాయం. కానీ దాన్ని తరగతిలో మామూలు మాటల్లోకి దించితే, దేని గురించి, అందులో ఏ గుణం గురించి, దానికి ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్న అయిదు ప్రశ్నలవుతాయి. ఉప్పు, దాని మీద పన్ను, వసూలు చేయడం, ఎత్తివేయడం, ఫ్రాన్సు, 18వ శతాబ్ది. ఇంతకుముందు మోయలేనంత బరువుగా ఉన్న విషయం ఇప్పుడు చేతిలో పట్టేంతయింది.

ఇక్కడే రెండో విద్య అవసరమవుతుంది. ఫ్రాన్సు ఉప్పు పన్ను గురించి వెతకాలనుకున్న విద్యార్థి ఆ మాటలతోనే వెతికితే దొరికేది తక్కువ. విజ్ఞానసర్వస్వంలో ఒక చిన్న వ్యాసం చదివితే ఆ పన్నును 'గాబెల్' అనేవారని తెలుస్తుంది. ఆ ఒక్క మాటతో తలుపులు తెరుచుకుంటాయి. 1790లో విప్లవ ప్రభుత్వం దాన్ని రద్దు చేయడం, ఆ తరవాత అది మళ్ళీ రావడం, అన్నీ ఆ మాట వెంటే వస్తాయి. విజ్ఞానసర్వస్వం చదవమని విద్యార్థులకు చెప్పేటప్పుడు మనం అందులో సమాచారం ఉంటుందని చెబుతాం. ఆ దశలో అతడికి అంతకంటే ముఖ్యంగా కావలసింది మాటలు. తాను వెతుకుతున్నదాన్ని తెలిసినవాళ్ళు ఏమని పిలుస్తారో అతడికి తెలియాలి.

కేటలాగుకూ ఒక భాష ఉంది. గుండెపోటు గురించి రాసిన వైద్య గ్రంథాలు 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అన్న శీర్షిక కింద ఉంటాయి. ఉప్పుకూ రక్తపోటుకూ సంబంధం వెతికేవాళ్ళకు వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేసు అయిన పబ్‌మెడ్‌లో 'హైపర్‌టెన్షన్', 'డయటరీ సోడియం క్లోరైడ్' అన్న మాటలు తెలియాలి. ఆ భాష కాలంతో మారుతుంది కూడా. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటల పుస్తకాలకు దశాబ్దాలుగా వాడిన 'కుకరీ' అన్న శీర్షికను 2010లో 'కుకింగ్' అని మార్చింది. ఇదంతా ముందుగా ఎవరూ నేర్చుకుని రాలేరు. అందుకు నేను చెప్పే ఉపాయం ఒక్కటే. నీకు తోచిన మాటతో వెతుకు, పనికొచ్చే పుస్తకం ఒక్కటంటే ఒక్కటి దొరకనీ, వెంటనే పుస్తకం కోసం పరుగెత్తకుండా దాని పూర్తి రికార్డు తెరిచి, కింద ఇచ్చిన విషయ శీర్షికలు చూడు, ఆ శీర్షికలతో మళ్ళీ వెతుకు. మొదటి మాట నీది, రెండోసారి వాడేది లైబ్రరీ మాట. రెండు మాటలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయించాలి. అండ్, ఆర్, నాట్ అనే మూడు మాటలతో వెతుకుడును బిగించడం, వదులు చేయడం కూడా చెప్పవలసిందే గానీ, అది అరగంట పని. సరైన మాట లేనిదే ఆ మూడూ ఏమీ చేయలేవు.

కాల్ నంబరు, అంటే పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే అంకె, పట్టుకుని అర దగ్గరికి వెళ్ళినవాళ్ళను ఆ ఒక్క పుస్తకమే తీసుకుని వచ్చేయవద్దని చెబుతాను. ఇటు అయిదు, అటు అయిదు చూడమంటాను. పుస్తకాన్ని అక్కడ పెట్టినవాళ్ళు ఆలోచించి పెట్టారు. దాని ఇరుగుపొరుగు కూడా ఒక సమాచారమే.

ఒక మంచి గ్రంథం చేతికొచ్చాక దాని చివర ఉన్న ఆకరాల జాబితా మనల్ని వెనక్కి, అంటే ఆ రచయిత చదివిన పాత రచనల్లోకి తీసుకుపోతుంది. ఆ తరవాత ఎవరెవరు ఈ రచనను ఉటంకించారో తెలిస్తే ముందుకు, అంటే కొత్త రచనల్లోకి వస్తాం. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఈ ముందుకు నడిచే దారిని వేసింది. ఈనాడు గూగుల్ స్కాలర్‌లో వ్యాసాల కింద కనిపించే ఉటంకింపుల లెక్క ఆ ఆలోచన కొనసాగింపే. ముందుకు నడవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి నేను ఒక ఉదాహరణ తప్పకుండా చెబుతాను. టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునని సూచించిన ఒక పరిశోధన వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించింది. 1998 సంచికను మాత్రమే చదివి ఆగిపోయిన విద్యార్థి చేతిలో ఉన్నది ప్రసిద్ధ పత్రికలో, నిపుణులు పరిశీలించాక అచ్చయిన వ్యాసమే. అతడు ఒక అడుగు ముందుకు వేయలేదు, అంతే. ఆ ఒక్క అడుగులో ఎంత ఉందో చూడండి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది నడిమి వారాన్ని. కరోల్ కూల్‌తావ్ అనే అమెరికన్ ఆచార్యులు, హైస్కూలు విద్యార్థులు పరిశోధన వ్యాసం రాసేటప్పుడు ఏమాలోచిస్తారో, ఏమనుభవిస్తారో దగ్గరుండి గమనించి, ఆ ప్రయాణాన్ని ఆరు దశలుగా వర్ణించారు. విషయం ఎంచుకున్నాక విద్యార్థిలో ఉత్సాహం పెరుగుతుంది. తీరా చదవడం మొదలుపెట్టి నాలుగైదు చోట్ల వెతికాక, ఒక పుస్తకం చెప్పినదానికీ మరొక పుస్తకం చెప్పినదానికీ పొంతన కుదరక, ఉన్న ధైర్యం కూడా జారిపోతుంది. ఆ తికమక సహజమనీ, అది దాటాకే స్పష్టమైన ప్రశ్న చేతికందుతుందనీ ఆమె చెప్పారు. ఇది చదివినప్పుడు, అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా నా గదికి ఆ వారంలోనే వచ్చి "మేడమ్, నా టాపిక్ మార్చుకోవచ్చా?" అని అడిగిన పిల్లలందరూ గుర్తొచ్చారు. నేను ఔననేదాన్ని. విషయం సరిగా కుదరలేదేమో అనుకునేదాన్ని. నిజానికి అప్పుడే వాళ్ళ పరిశోధన మొదలవుతోంది, నేను దాన్ని మొదట్లోనే తుంచేశాను. విషయం మార్చుకోనివాళ్ళు ఆ వారంలో చేసే రెండో పని ఎక్కడి నుంచైనా ఎత్తి రాయడం. ఎత్తి రాసినందుకు శిక్షించడం మనకు తెలుసు. వాళ్ళు భయపడిన ఆ వారంలో పక్కన కూర్చోవడం మాత్రం మనం నేర్చుకోలేదు. ఇప్పుడు ఆ వారం నేను పాఠం చెప్పను. లైబ్రరీలోనే ఒక బల్ల దగ్గర కూర్చుంటాను. ఒక్కొక్కరూ వచ్చి, ఏం దొరికిందో కాకుండా ఎక్కడ ఆగిపోయారో చెబుతారు.

ఎత్తి రాయడం గురించి కఠినంగా మాట్లాడే అర్హత నాకు పూర్తిగా లేదు. నేను పరిశోధన విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక అరుదైన పాత వ్యాసాన్ని చూసినట్టుగా ఆకరాల్లో చేర్చాను. నిజానికి దాన్ని నేను చూడలేదు. మరొక గ్రంథంలోని పాదసూచిక నుంచి వివరాలు దించుకున్నాను. ఆ గ్రంథంలో సంవత్సరం తప్పుగా అచ్చయింది. ఆ తప్పు నా సిద్ధాంత గ్రంథంలోకీ వచ్చింది. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఆ పంక్తి మీద వేలు పెట్టి, "ఇది మీరు చదివారా?" అని నెమ్మదిగా అడిగారు. లేదని చెప్పాను. ఆయన మరేమీ అనలేదు. అప్పటి నుంచి, చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదని చెప్పేటప్పుడు ఈ సంగతి విద్యార్థులకు చెబుతూ వస్తున్నాను. ఫలానా రచన ఫలానా గ్రంథంలో ఉటంకితం అని నిజాయతీగా రాయడంలో ఏ చిన్నతనమూ లేదని, అలా రాసినవాళ్ళకు మార్కులు తగ్గించనని కూడా చెబుతాను.

ఇంత శ్రమ ఎందుకు, అంతా ఇంటర్నెట్లో ఉంది కదా అనేవాళ్ళు నా సహోద్యోగుల్లోనే ఉన్నారు. పుస్తకం గొప్పది, తెర తక్కువది అన్న వాదన నాది కాదు. లైబ్రరీ ఇచ్చే వనరుల్లో పెద్ద భాగం ఇవాళ తెర మీదే ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సేరా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో పది మంది చరిత్రకారులనూ, పది మంది వృత్తిరీత్యా నిజ నిర్ధారణ చేసేవాళ్ళనూ, 25 మంది విద్యార్థులనూ కూర్చోబెట్టి, కొన్ని వెబ్‌సైట్లను నమ్మవచ్చో లేదో చెప్పమన్నారు. చరిత్రకారుల్లోనూ విద్యార్థుల్లోనూ చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి పైనుంచి కిందికి చదివి, హుందాగా కనిపించే ముద్రను చూసి, చిరునామాను చూసి మోసపోయారు. నిజ నిర్ధారకులు ఆ పేజీని వదిలేసి, పక్కన కొత్త కిటికీలు తెరిచి, దాన్ని నడుపుతున్నదెవరో, వాళ్ళ గురించి ఇతరులేమన్నారో చూసి త్వరగా తేల్చేశారు. చదువు ఎంత ఉన్నా ఈ పక్కచూపు విడిగా నేర్చుకోవలసిందేనని నేను దాని నుంచి గ్రహించాను. ప్లీనీ దగ్గరికి నాలుగు రోజులు నడిచిన అమ్మాయి చేసింది కూడా అదే. ఒక పేజీ చెప్పినదాన్ని ఆ పేజీలోనే ఉండి తేల్చుకోలేమని ఆమె తెలుసుకుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. ఏ విషయం అడిగినా నిమిషంలో వ్యాసమూ ఇస్తుంది, చివర ఆకరాల జాబితా కూడా ఇస్తుంది. ఆ జాబితాలో రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం, పేజీలు అన్నీ అచ్చం నిజమైనవాటిలాగే ఉంటాయి, కొన్నిసార్లు ఆ వ్యాసం మాత్రం లోకంలో ఎక్కడా ఉండదు. నేను దాన్ని తరగతిలో నిషేధించలేదు. అది ఇచ్చిన ఆకరాల్లో అయిదింటిని ఒక్కొక్కరికీ పంచి, కేటలాగులోనూ డేటాబేసుల్లోనూ వెతికి, ఉన్నవేవో లేనివేవో తేల్చి, ఉన్నవాటిలో ఒక్కటైనా తెరిచి, అందులో నిజంగా ఆ మాట ఉందో లేదో చూసి రమ్మంటాను. ఉన్న వ్యాసంలో లేని మాటను చూపించడం, లేని వ్యాసాన్ని చూపించడం కంటే ప్రమాదకరమని విద్యార్థులే కనిపెట్టి నాకు చెప్పారు.

సమయం లేదన్న అభ్యంతరం మాత్రం నిజమైనది. సిలబసు ఉంది, పరీక్షలున్నాయి, తరగతిలో అరవై మంది ఉన్నారు. దానికి నేను ఎంచుకున్న మార్గం రాతపనిని తగ్గించడం. పది పేజీల వ్యాసాలు నాలుగు అడిగే బదులు, ఏడాదికి రెండే అడుగుతాను. వాటిలో మొదటిది వ్యాసం కూడా కాదు, ఒక్క వాక్యం. అందరికీ తెలిసిన, అందరూ నమ్మే ఒక వాక్యాన్ని ఎంచుకుని, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడిచి చూసి, తిరిగి రాయాలి. దాంతో పాటు వెతికిన దినచర్య ఇవ్వాలి. తేదీ, వాడిన మాట, చూసిన చోటు, దొరికింది, దొరకనిది, ఎందుకు వదిలేశాను, తరవాత ఎక్కడికి. దొరకనిదాన్ని రాసిన పంక్తికీ దొరికినదాన్ని రాసిన పంక్తికీ ఒకే విలువ ఇస్తాను. ఆ దినచర్యను నేనూ లైబ్రేరియన్ గారూ కలిసి దిద్దుతాం. వాళ్ళు నాకంటే బాగా దిద్దుతారు. విద్యార్థి ఏ మలుపు దగ్గర ఏ అర చూడకుండా వెళ్ళిపోయాడో వాళ్ళకు కనిపిస్తుంది, నాకు కనిపించదు. లైబ్రేరియన్లను పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగులుగా చూస్తున్నంతకాలం ఈ పని ఏ విద్యాలయంలోనూ జరగదు. అసైన్‌మెంటు తయారుచేసే రోజే వాళ్ళను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోవాలి.

లైబ్రరీ చిన్నదైతే ఎలా అని అడిగే ఉపాధ్యాయులకు కూడా నేను చెప్పగలిగింది ఇదే. ఒక విజ్ఞానసర్వస్వం, ఒక నిఘంటువు, పదసూచికలూ పాదసూచికలూ ఉన్న పాతిక పుస్తకాలు ఉంటే ఒక వాక్యాన్ని వెనక్కి నడిపించడం మొదలుపెట్టవచ్చు. ఆగిపోయిన చోట మరొక లైబ్రరీ నుంచి తెప్పించుకోవడమో, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి ఉచిత భాండారాల్లో చూడడమో నేర్పవచ్చు. ఎక్కడ ఆగిపోయామో కచ్చితంగా చెప్పగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

ఉప్పు వాక్యం తిరిగి రాసిచ్చిన అమ్మాయి దినచర్యలో నాలుగో రోజు కింద, పుస్తకం తిరిగి ఇచ్చేశానని రాసిన తరవాత, ఒక పంక్తి వదిలి మరొక ప్రశ్న ఉంది: "ప్లీనీ అనలేదు కదా, మరి సైనికులకు జీతంగా ఉప్పు ఇచ్చేవారని మొట్టమొదట రాసింది ఎవరు?" దాని పక్కన అయిదో రోజు తేదీ వేసుకుంది. అసైన్‌మెంటు గడువు అప్పటికే అయిపోయింది.